ఆ ప్రోటీన్ ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ సైన్స్ పేజీలో సైటోకైన్ల మీద వచ్చిన వ్యాసం చదివానండీ. కరోనా రోజుల్లో అందరి నోళ్ళలో నానిన సైటోకైన్ స్టార్మ్ దగ్గర మొదలెట్టి బాగానే రాసుకొచ్చారు, బొమ్మ కూడా నీట్‌గా ఉంది, కానీ చివరికొచ్చేసరికి "ఫలానా ప్రోటీన్‌ని ల్యాబ్‌లో కణాలకి ఇచ్చి చూస్తే ఇన్‌ఫ్లమేషన్ విపరీతంగా పెరిగింది, కాబట్టి జబ్బుకి అసలు దోషి ఇదే" అని తేల్చేశారు చూడండి, అక్కడ నాకు కాఫీ టేబుల్ మీద పేపర్ పక్కన పెట్టెయ్యాలనిపించింది. కోపం కాదు. ఇరవై ఏళ్ళుగా కణాల కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం) చేస్తూ బతుకుతున్నవాణ్ణి, ఇదే మాట నేను కూడా ఒకసారి తేల్చేసి తర్వాత నాలిక్కరుచుకున్నవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వేస్తారో లేదో మీ ఇష్టం, వేస్తే మాత్రం పేరు వెయ్యొద్దు.

నా గోలంతా ఆ "ప్రోటీన్‌ని కణాలకి ఇచ్చి" అన్న మూడు మాటల మీదే. ఆ ప్రోటీన్ ఎక్కడ్నుంచి వచ్చింది? మనిషి ఒంట్లోంచి తీశారా, బ్యాక్టీరియాలో పండించారా, ఎంత శుభ్రం చేశారు, నిజంగా పని చేస్తోందో లేదో ఎవరు చూశారు? చదివేవాళ్ళకి ఇవన్నీ అనవసరం అనుకుంటారు గానీ కాదండీ, ఫలితం నిజమో కాదో తేలేది సగం అక్కడే.

సైటోకైన్ అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే చీటీ అనుకోండి. చిన్న ప్రోటీన్లు, ఉదాహరణకి ఇంటర్‌ల్యూకిన్-2 అనే సైటోకైన్ దారంలో ఉన్నవి అమైనో ఆమ్లాలనే పూసలు 133 మాత్రమే. చీటీ అందుకున్న కణం పెరగడమో, పోట్లాటకి దిగడమో, చచ్చిపోవడమో చేస్తుంది. వచ్చిన చిక్కేంటంటే శరీరం వీటిని చాలా చాలా తక్కువ తయారు చేస్తుంది, గ్రాములో లక్షల కోట్ల వంతు లెక్కల్లో ఉంటాయి, పని అవగానే మాయమైపోతాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్డు పొర ముక్కల మీద వేడితో చంపిన ఫ్లూ వైరస్ వేసి, ఆ ద్రవం తీసి కొత్త పొరలకి పెడితే వాటిల్లో బతికున్న వైరస్ పెరగలేదని చూశారు, అడ్డుకుంటోంది కాబట్టి దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ అది చేతికి చిక్కడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది! ఫిన్లాండ్‌లో కారి కాంటెల్ అనే ఆయన బ్లడ్ బ్యాంకుల్లో మిగిలే తెల్లరక్తకణాలన్నీ పోగు చేయించి వాటికి వైరస్ తగిలించి ఇంటర్‌ఫెరాన్ తీసేవాడు, అంత రక్తం కదిలించినా వచ్చిన దాంట్లో అసలు సరుకు నూటికి ఒక పాలు కూడా ఉండేది కాదు, మిగతాదంతా వేరే ప్రోటీన్లు. దాంతోనే ప్రపంచమంతా ప్రయోగాలు చేసింది. కనిపించిన ఎఫెక్ట్ ఇంటర్‌ఫెరాన్‌దా పక్కన ఉన్న చెత్తదా అని ఆ రోజుల్లో ఎవరైనా ఖచ్చితంగా ఎలా చెప్తారు చెప్పండి.

రీకాంబినెంట్ అనే మాట వచ్చింది ఇక్కడే. మనిషి జన్యువుని తీసి బ్యాక్టీరియాలో పెట్టి దాని చేత మన ప్రోటీన్ చేయించడం. 1980లో ఛార్లెస్ వైస్‌మన్ టీం ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాని ఈ.కోలి అనే బ్యాక్టీరియాలో చేయించింది, 1983లో తనిగుచి వాళ్ళు ఇంటర్‌ల్యూకిన్-2 జన్యువు పట్టుకున్నారు, మరుసటి ఏడు ఇన్‌ఫ్లమేషన్ పెంచే టీఎన్ఎఫ్ అనే సైటోకైన్ వచ్చింది. ఒక్కసారిగా బస్తాల రక్తం పోయి గ్లాసుడు కల్చర్ చాలు అన్న పరిస్థితి. ఇవాళ ఏ ఇమ్యునాలజీ ల్యాబ్ ఫ్రీజర్ తెరిచినా చిన్న చిన్న వయల్స్ వరసగా ఉంటాయి, ఒక్కో దాంట్లో పది మైక్రోగ్రాములో ఇరవై మైక్రోగ్రాములో, కంటికి కనపడీ కనపడని తెల్లటి మరక. ఆ మరకలే మా పనిముట్లు. మోనోసైట్లనే ఒక రకం తెల్లరక్తకణాలకి జీఎం-సీఎస్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-4 అనే సైటోకైన్లు కలిపి పెడితే వారంలో డెండ్రిటిక్ కణాలనే ఇంకో రకం రోగనిరోధక కణాలవుతాయి, 1994 నుంచి అందరం ఇలాగే చేస్తున్నాం. టీ కణాలనే మరో రకం తెల్లరక్తకణాలు ల్యాబ్‌లో పెరగాలంటే ఇంటర్‌ల్యూకిన్-2 ఉండాల్సిందే. 2009లో ఒక్క మూలకణం నుంచి చిన్న పేగు లాంటి నిర్మాణాన్ని డిష్‌లో పెంచి చూపించారు, దానికి వాడినవి కూడా ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్ అనే ఇలాంటి సంకేత ప్రోటీన్లే. ఇవి గనక లేకపోతే మా సగం పని ఆగిపోతుంది, కాబట్టి వీటిని తిట్టడానికి రాయట్లేదు, ముందే చెప్తున్నా.

కానీ ఈ.కోలికి మన ప్రోటీన్ చేయడం సరిగ్గా రాదండీ. చేస్తుంది, బోలెడు చేస్తుంది, చేసి ఉండలు కట్టి ఒక మూల పడేస్తుంది. ఆ ఉండల్ని యూరియాలోనో గ్వానిడిన్‌లోనో కరిగించి, దారం మొత్తం చిక్కు విప్పి, మళ్ళీ మెల్లగా సరైన ఆకారంలోకి ముడుచుకునేలా చెయ్యాలి. ముడి తప్పుగా పడిందంటే బరువు తూస్తే ప్రోటీన్ అంతే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. ఇంటర్‌ల్యూకిన్-2నే తీసుకోండి, దాంట్లో సిస్టీన్లనే అమైనో ఆమ్లాలు మూడు ఉంటాయి, రెండు చెయ్యి చెయ్యి పట్టుకోవాలి, మూడోది ఒంటరిగా ఉండాలి, అది ఊరికే ఉండక వేరే దాని చెయ్యి పట్టుకుంటోందని 125వ చోట ఉన్న ఆ సిస్టీన్‌ని తీసేసి సెరీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం పెట్టి మందు తయారు చేశారు. ఈ.కోలి ప్రోటీన్‌కి చక్కెర గొలుసులు కూడా తగిలించదు, అవి కావాలంటే చో అనే హ్యామ్‌స్టర్ కణాల్లోనో హెక్ అనే మనిషి కణాల్లోనో చేయించుకోవాలి. అంటే ఒకే పేరుతో రెండు వయల్స్ ఉన్నా రెండూ ఒకటే అనుకోడానికి లేదు.

ఇంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది, నా కథ దాని గురించే. ఈ.కోలి పై పొరంతా ఎండోటాక్సిన్, అదే ఎల్‌పీఎస్. మన తెల్లరక్తకణాలకి ఇది కనపడిందంటే చాలు బ్యాక్టీరియా లోపలికొచ్చేసిందని గంట కొట్టేసి టీఎన్ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-1 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకినే) అన్నీ కుమ్మరించేస్తాయి, అది కూడా పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు లెక్కల్లో ఉన్నా సరే. ఫిల్టర్ చేస్తే పోదు, ఆటోక్లేవ్‌లో పెడితే పోదు, గాజు సామాను మీద ఉంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట కాల్చాలి, ప్రోటీన్‌ని అలా కాల్చలేం కదా. అంటే బ్యాక్టీరియాలో చేసిన ప్రతి సైటోకైన్‌తో పాటు ఈ దొంగ కూడా కొంచెం వస్తాడు, ఎంత కొంచెం అన్నదే ప్రశ్న. మంచి తయారీ అయితే లేబుల్ మీద మైక్రోగ్రాముకి ఒక ఎండోటాక్సిన్ యూనిట్ కంటే తక్కువ అనో, అంతకంటే బాగా తక్కువ అనో ఉంటుంది. ఒక యూనిట్ అంటే సుమారు 100 పికోగ్రాములు. కల్చర్‌లో మిల్లీలీటరుకి 100 నానోగ్రాముల (నానో అంటే వెయ్యి పికోలు, మైక్రో అంటే వెయ్యి నానోలు) ప్రోటీన్ వేశామనుకోండి, దాంతో వచ్చే ఎండోటాక్సిన్ ఓ పది పికోగ్రాములు, చాలా కణాలకి అది ఓ లెక్క కాదు. అదే సరిగ్గా శుభ్రం చెయ్యని సరుకులో మైక్రోగ్రాముకి వెయ్యి యూనిట్లు ఉన్నాయనుకోండి, అప్పుడు మీరు కణాలకి ఇస్తున్నది సైటోకైన్ కాదు, పది నానోగ్రాముల ఎల్‌పీఎస్. దాని ముందు మోనోసైట్ ఆగుతుందా?

మాకు జరిగింది ఇదే. చాలా ఏళ్ళ కింద సంగతి, ఒక కొత్త సైటోకైన్ మీద పని చేస్తున్నాం, ఏ సైటోకైన్ అన్నది ఇప్పుడు అనవసరం, తెలిసినవాళ్ళు తయారు చేసి ట్యూబులో ఇచ్చారు, వాళ్ళెవరో కూడా చెప్పను, తప్పు వాళ్ళది ఎంతో మాదీ అంతే. మోనోసైట్ల మీద వేశాం, మర్నాడు టీఎన్ఎఫ్ కొలిస్తే ఎలైజా (ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే అంత రంగొచ్చే పరీక్ష) ప్లేటంతా ముదురు పసుపు, రీడర్ స్కేల్ దాటిపోయింది. డోసు పెంచితే పెరుగుతోంది తగ్గిస్తే తగ్గుతోంది, గ్రాఫ్ పుస్తకంలో బొమ్మలా ఉంది, ఇంకేం కావాలి, మూడు నెలలు అదే పని, పోస్టర్ కూడా రెడీ. అప్పుడు కొత్తగా చేరిన ఒకమ్మాయి మెల్లగా అడిగింది, సార్ దీన్ని మరగబెట్టి వేసి చూశారా అని. లేదు. మరగబెట్టాం, అరగంట. మామూలుగా అంతసేపు మరిగిస్తే సైటోకైన్ పనికి రాకుండా పోవాలి, ఎల్‌పీఎస్‌కి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మర్నాడు ప్లేట్ చూస్తే మళ్ళీ అదే పసుపు, రవ్వంత కూడా తగ్గలేదు. తర్వాత పాలిమిక్సిన్-బి కలిపి వేశాం, అది ఎల్‌పీఎస్‌ని పట్టుకుని కట్టేస్తుంది, ప్లేట్ తెల్లగా అయిపోయింది. అంటే మూడు నెలలు మేం చదివింది ఆ సైటోకైన్‌ని కాదు, ఈ.కోలి పొరని, ఎల్‌పీఎస్ టీఎన్ఎఫ్‌ని పెంచుతుందని ప్రపంచానికి మేం కొత్తగా చెప్పాల్సిన పని లేదు కదా. పోస్టర్ చింపేశాం. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పడానికి కూడా నాకు రెండ్రోజులు పట్టింది, అంత మంట!

మేమేదో చిన్నవాళ్ళం కాబట్టి ఇలా అయింది అనుకోవద్దు. 1998లో ఎల్‌పీఎస్‌ని పట్టుకునే గ్రాహకం (కణం మీద సంకేతం అందుకునే ప్రోటీన్) టీఎల్ఆర్-2 అని పరిశోధన పత్రాలు వచ్చాయి, అదే ఏడు బ్యూట్లర్ టీం ఎల్‌పీఎస్‌కి స్పందించని ఎలుకల జన్యువు వెతికి పట్టుకుని కాదు టీఎల్ఆర్-4 అని చూపించింది, ఆయనకి 2011లో నోబెల్ వచ్చింది. మరి ముందు వాళ్ళకి ఎందుకలా కనిపించిందంటే వాళ్ళు వాడిన ఎల్‌పీఎస్‌లోనే వేరే బ్యాక్టీరియా లైపోప్రోటీన్లు కలిసి ఉన్నాయి, 2000లో మళ్ళీ శుద్ధి చేసి వేస్తే టీఎల్ఆర్-2 సంకేతం పోయింది. హెచ్ఎస్‌పీ-70 అనే హీట్ షాక్ ప్రోటీన్ కథ కూడా ఇలాంటిదే, అదే ఒక సైటోకైన్‌లా పని చేస్తోందని కొన్నేళ్ళు గట్టిగా చెప్పుకున్నారు, 2003లో ఎండోటాక్సిన్ బాగా తీసేసిన హెచ్ఎస్‌పీ-70 వేస్తే టీఎన్ఎఫ్ రాలేదు. అందుకే మీ వ్యాసంలో "ఇన్‌ఫ్లమేషన్ విపరీతంగా పెరిగింది" అని చదవగానే నా మనసు నేరుగా ఆ పసుపు ప్లేట్ దగ్గరికి పోయింది. ఆ పరిశోధన తప్పని నేను అనట్లేదు, వాళ్ళు అన్నీ చూసుకునే ఉండొచ్చు, మీ వ్యాసంలో ఆ ముక్క ఒక్కటి ఉంటే మాలాంటోళ్ళకి నమ్మకం కుదిరేది.

ఎండోటాక్సిన్ కొలిచే పద్ధతి గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తా, ఇది మీ పిల్లల పేజీకి పనికొస్తుంది. హార్స్‌షూ క్రాబ్ అనే సముద్ర జీవి నీలం రక్తం ఎల్‌పీఎస్ తగిలితే గడ్డకడుతుంది, దశాబ్దాలుగా టెస్ట్ దాంతోనే. ఇప్పుడు ఆ రక్తంలో ఉండే ఫ్యాక్టర్-సి ని కూడా రీకాంబినెంట్‌గా చేసి వాడుతున్నారు, అంటే రీకాంబినెంట్ సరుకు శుభ్రంగా ఉందో లేదో చెప్పడానికి ఇంకో రీకాంబినెంట్ ప్రోటీన్.

సరే, శుభ్రంగా ఉంది అనుకుందాం. పని చేస్తుందా? చాలా పేపర్లలో "20 నానోగ్రాములు వేశాం" అని రాసి వదిలేస్తారు. నానోగ్రాములు బరువు అండీ, సైటోకైన్‌కి లెక్క బరువు కాదు బలం. ఆ బలాన్ని కణాల మీదే కొలవాలి. ఇంటర్‌ల్యూకిన్-2కి సీటీఎల్ఎల్-2 అని ఎలుక టీ కణాల లైన్ ఉంది, ఐఎల్-2 లేకపోతే అవి చచ్చిపోతాయి, ఎంత డోసుకి సగం స్థాయి పెరుగుదల వస్తుందో చూస్తారు, దాన్నే ఈడీ-50 అంటాం. మిల్లీలీటరుకి 0.1 నానోగ్రాముతో సగం పెరుగుదల వస్తే ఆ సరుకు మిల్లీగ్రాముకి కోటి యూనిట్లు, ఒక నానోగ్రాము కావాల్సొస్తే పది లక్షలే. చూశారా, ఒకే బరువు, పది రెట్లు తేడా. డబ్ల్యూహెచ్‌వో ఇందుకే సైటోకైన్లకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టింది, మందుగా ఇచ్చే ఐఎల్-2 లేబుల్ మీద కూడా 1.1 మిల్లీగ్రాములు అంటే కోటీ ఎనభై లక్షల అంతర్జాతీయ యూనిట్లు అని ఉంటుంది. మా ల్యాబ్‌లో కొత్త లాట్ (ఒకేసారి తయారైన సరుకు) రాగానే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒక కర్వ్ గీస్తాం, ఒక వారం పోతుంది, పోనీ. లాట్ నంబర్ నోట్‌బుక్‌లో రాయని స్టూడెంట్‌ని మాత్రం నేను వదలను.

ఎవరి ప్రోటీన్ ఎవరికి వేస్తున్నాం అన్నది ఇంకో ముచ్చట. మనిషి ఐఎల్-2 ఎలుక కణాల మీద బ్రహ్మాండంగా పని చేస్తుంది, ఎలుకది మనిషి కణాల మీద అంతంత మాత్రం. ఇంటర్‌ఫెరాన్ గామా అయితే ఎవరిది వాళ్ళకే, మనిషిది ఎలుకకి పెడితే గోడకి చెప్పినట్టే. మనిషి టీఎన్ఎఫ్ ఎలుకలో ఉన్న రెండు గ్రాహకాల్లో ఒకదానికే అతుక్కుంటుంది, అంటే సగం కథే కనిపిస్తుంది, ఆ సగాన్ని చూసి "టీఎన్ఎఫ్ ఇది చెయ్యదు" అని రాసేస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అసలు ఎంత ప్రయోగం తప్పుల్లేకుండా చేసినా వయల్ తెరిచే దగ్గరే పోగొట్టుకునేవాళ్ళూ ఉన్నారు. పొడి మూతకి అంటుకుని ఉంటుంది, ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తెరవాలి, తిప్పకుండా తెరిస్తే సగం మూతతో పోతుంది. వోర్టెక్స్ మిషన్ మీద పెట్టి గట్టిగా కుదపకూడదు. పల్చగా కలిపి పెడితే ప్రోటీన్ ట్యూబు గోడకే అంటుకుపోతుంది, అందుకే తోడుగా కొంచెం ఆల్బుమిన్ కలుపుతారు, మళ్ళీ ఆ ఆల్బుమిన్ కొన్ని ప్రయోగాలకి అడ్డమొస్తుంది కాబట్టి అది లేని వయల్ వేరే తెప్పించుకోవాలి. ఒకసారి కరిగించాక చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో దాచాలి, ఒకే ట్యూబుని పదిసార్లు కరిగించి గడ్డకట్టించేవాళ్ళకి పదో ప్రయోగం ఎందుకు పని చెయ్యలేదో ఎప్పటికీ అర్థం కాదు. మూలకణాలకి వేసే ఎఫ్‌జీఎఫ్-2 అనే పెరుగుదల ప్రోటీన్ అయితే ఇంకా సుకుమారం, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఒక రోజు తిరిగేసరికి చాలా భాగం చేతులెత్తేస్తుంది, ఆదివారం కూడా వచ్చి మీడియం (కణాలు పెరిగే ద్రవం) మార్చాల్సిందే.

ఇక డోసు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఐఎల్-6 మిల్లీలీటరుకి కొన్ని పికోగ్రాములే ఉంటుంది. మేం డిష్‌లో 20 నానోగ్రాములు వేస్తాం, అంటే 20 వేల పికోగ్రాములు, వేల రెట్లు ఎక్కువ. దానికి కారణాలున్నాయి, ఒంట్లో రెండు కణాలు ఆనుకుని ఉన్న చోట రక్తంలో కంటే ఎక్కువే ఉండొచ్చు, డిష్‌లో వేసింది కొంత చెడిపోతుంది, ఎఫెక్ట్ స్పష్టంగా కనపడాలి. కానీ "డిష్‌లో ఇలా అయింది కాబట్టి మీ ఒంట్లో ఇలా అవుతోంది" అని రాస్తే మాత్రం మధ్యలో ఉన్న పెద్ద ఏరు దాటకుండానే అవతలి ఒడ్డుకి చేరామన్నట్టు. మీ వ్యాసం వచ్చాక తెలిసినవాళ్ళు ఇద్దరు నాకు ఫోన్ చేశారు, ఒకాయన ఆ ప్రోటీన్‌ని తగ్గించే మాత్ర ఉందా అన్నారు, ఇంకొకావిడ ఇమ్యూనిటీ పెంచే సైటోకైన్ మీ ల్యాబ్‌లో ఉంటుందటగా ఒక ఇంజక్షన్ ఇప్పించకూడదా అంది. నేను గట్టిగానే చెప్పాను అమ్మా అది పరిశోధనకి మాత్రమే, లేబుల్ మీదే ఉంటుంది, మనిషికి ఎక్కించడానికి కావాల్సిన పరీక్షలేవీ దానికి జరగవు అని. మందుగా తయారై, అన్ని పరీక్షలూ దాటి, 1992లో అమెరికాలో కిడ్నీ క్యాన్సర్‌కి అనుమతి తెచ్చుకున్న ఐఎల్-2నే ఎక్కువ డోసులో ఇస్తే రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడిపోతుంది, ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండి ఇవ్వాల్సిన మందు అది. ఇంక ఫ్రీజర్‌లో ఉన్న మా మరక సంగతి చెప్పాలా.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు మీ రిపోర్టర్ ఆ శాస్త్రవేత్తకి ఫోన్ చేస్తారు కదా, అప్పుడు ఇంకో రెండు నిమిషాలు ఆగి, సార్ ఆ ప్రోటీన్ ఎందులో తయారైంది, ఎండోటాక్సిన్ చూశారా, మరగబెట్టి కూడా వేశారా, మీరు వేసిన డోసు మనిషి రక్తంలో ఉండేదానికి ఎన్ని రెట్లు అని అడగమనండి. పనిమంతుడైతే సంతోషంగా చెప్తాడు, మాకు ఇవి ఎవరూ అడగరనే బాధ. చిరాకు పడ్డాడంటే అది కూడా మీకు ఒక సమాచారమే, వార్త ఇంకో వారం ఆపుకోవచ్చు.

మా ఆ పాత ట్యూబు ఇంకా ఉందండీ, పారెయ్యలేదు. కొత్తగా చేరిన పిల్లలకి ఏమీ చెప్పకుండా మొదటి వారం దాన్నే ఇచ్చి మోనోసైట్ల మీద వెయ్యమంటాను. మర్నాడు పసుపు ప్లేట్ పట్టుకుని మొహాలు వెలిగిపోతూ వస్తారు, సార్ చూడండి ఎంత బాగా పని చేసిందో అంటారు. భలే ఉంది అంటాను, మిగిలింది మరగబెట్టి రేపు మళ్ళీ వెయ్యండి అంటాను.

ఇట్లు,
మీ పేపర్ పాత పాఠకుడు